ఐబీ డిప్లొమా విద్యార్థులు క్యాస్ పోర్ట్‌ఫోలియో ఎలా తయారు చేసుకోవాలి?

ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియట్) రెండేళ్ల డిప్లొమా కోర్సులో చేరిన విద్యార్థి ఆరు సబ్జెక్టుల్లో ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నా, క్యాస్ (క్రియేటివిటీ, యాక్టివిటీ, సర్వీస్) పూర్తి చేయనిదే డిప్లొమా రాదు. మొత్తం 45 పాయింట్లలో సబ్జెక్టులకు 42, ఎక్స్‌టెండెడ్ ఎస్సే (విద్యార్థి స్వయంగా రాసే పరిశోధనా వ్యాసం), థియరీ ఆఫ్ నాలెడ్జ్ (జ్ఞానం ఎలా ఏర్పడుతుందో పరిశీలించే కోర్సు) రెండింటికీ కలిపి 3 కేటాయించారు. క్యాస్‌కు పాయింట్లు లేవు, పరీక్షా లేదు. విద్యార్థి క్యాస్ పూర్తి చేశాడని పాఠశాల కోఆర్డినేటర్ ఐబీకి తెలియజేయాలి, ఆ మాటకు ఆధారం విద్యార్థి స్వయంగా తయారు చేసుకున్న పోర్ట్‌ఫోలియో. పాయింట్లు లేవన్న కారణంతోనే చాలామంది పిల్లలు, వారికంటే ఎక్కువగా తల్లిదండ్రులు, దీన్ని ‘తర్వాత చూద్దాం’ అన్న జాబితాలో వేసేస్తున్నారు. హైదరాబాద్, విశాఖపట్నం, బెంగళూరు నగరాల్లోని ఐబీ పాఠశాలల్లో చదువుతున్న తెలుగు విద్యార్థులనూ, ఉద్యోగరీత్యా దుబాయ్, సింగపూర్ వంటి చోట్ల స్థిరపడిన కుటుంబాల పిల్లలనూ దృష్టిలో పెట్టుకుని, ఈ పోర్ట్‌ఫోలియోను మొదటి నెల నుంచి చివరి సమర్పణ వరకు ఎలా నిర్మించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

క్యాస్‌లో మూడు భాగాలున్నాయి: సృజన, శారీరక కార్యకలాపం, సేవ. ఈ మూడూ కనీసం 18 నెలల పాటు, కోర్సుతో పాటే మొదలై, వీలైనంత వరకు వారం వారం సాగాలి. ఒకప్పుడు 150 గంటలు పూర్తి చేయాలన్న లెక్క ఉండేది. ఆ లెక్కను ఐబీ ఏనాడో వదిలేసింది. అయినా ‘మా అబ్బాయికి ఇంకెన్ని గంటలు తక్కువయ్యాయి?’ అని అడిగే తల్లిదండ్రులు ఇప్పటికీ కనిపిస్తారు. గంటల లెక్క అడగని చోట, ఆ పనివల్ల విద్యార్థిలో ఏం మారిందో అడుగుతారు. పోర్ట్‌ఫోలియో ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

మొదటి అడుగు: ఏడు అభ్యసన ఫలితాలను సొంత మాటల్లో రాసుకోండి

పోర్ట్‌ఫోలియోను పరిశీలించేవారు చూసేది ప్రధానంగా ఏడు అభ్యసన ఫలితాలను. మీ బలాలేమిటో, ఇంకా ఎదగవలసిన చోట్లు ఏవో గుర్తించడం. సవాళ్లను స్వీకరించి ఆ క్రమంలో కొత్త నైపుణ్యాలు సంపాదించడం. ఒక పనిని స్వయంగా తలపెట్టి ప్రణాళిక వేయడం. మొదలుపెట్టిన దాన్ని పట్టుదలతో కొనసాగించడం. ఇతరులతో కలిసి పనిచేయడం, అందులోని ప్రయోజనాన్ని గుర్తించడం. ప్రపంచమంతటికీ సంబంధించిన సమస్యల్లో పాలుపంచుకోవడం. చేసే పనిలోని మంచిచెడ్డలను నైతిక దృష్టితో ఆలోచించడం. ప్రతి అనుభవంలోనూ ఏడూ కనిపించాలన్న నియమం లేదు. కార్యక్రమం ముగిసేనాటికి ప్రతి ఒక్కదానికీ కనీసం ఒక చోటైనా ఆధారం ఉంటే చాలు.

ఈ ఏడింటినీ ఐబీ క్యాస్ మార్గదర్శిని నుంచి కాపీ చేయకుండా, ఒక్కొక్క దాని కింద ‘నా విషయంలో దీని అర్థం ఏమిటి?’ అన్న ప్రశ్నకు రెండు మూడు వాక్యాల్లో జవాబు రాయండి. ఇదే మీ పోర్ట్‌ఫోలియోలోని ప్రొఫైల్ భాగానికి పునాది అవుతుంది. చాలా పాఠశాలల్లో పోర్ట్‌ఫోలియో మూడు భాగాలుగా ఉంటుంది: ప్రొఫైల్, అనుభవాలు, సాక్ష్యాలు. ప్రొఫైల్‌లో మీ ఆసక్తులు, వచ్చిన నైపుణ్యాలు, రావాల్సినవి, ఈ రెండేళ్లలో పెట్టుకున్న లక్ష్యాలు ఉంటాయి. దీన్ని నిజాయితీగా రాయడం ముఖ్యం. ‘నలుగురిలో మాట్లాడాలంటే నాకు బెరుకు’ అని మొదటి నెలలో రాసుకున్న విద్యార్థి, ఏడాది తర్వాత కాలనీ సమావేశంలో మాట్లాడిన రోజు గురించి రాసినప్పుడు ఎదుగుదల దానంతట అదే కనబడుతుంది. ‘నేను పుట్టుకతోనే నాయకుణ్ని’ అని మొదలుపెట్టినవారికి చూపించడానికి ఇక ఏమీ మిగలదు.

రెండో అడుగు: ఏ పనులు ఎంచుకోవాలి?

ఒక పని క్యాస్ అనుభవంగా పనికొస్తుందో లేదో తేల్చుకోవడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అది మూడు భాగాల్లో కనీసం ఒకదానికి చెందుతుందా? మీ ఆసక్తి, నైపుణ్యం, లేదా మీకు దొరికిన అవకాశం నుంచి పుట్టిందా? ఐబీ విద్యార్థిలో కోరుకునే జిజ్ఞాస, శ్రద్ధ, సాహసం వంటి గుణాలు పెంపొందడానికి చోటిస్తుందా? మీ సబ్జెక్టుల్లో మార్కుల కోసం ఎలాగూ చేయవలసిన పని కాకుండా ఉందా? ఫిజిక్స్ ఇంటర్నల్ అసెస్‌మెంట్ (సబ్జెక్టులో భాగంగా పాఠశాలలోనే చేసి మార్కులు తెచ్చుకునే పని) కోసం చేసిన ప్రయోగాన్ని తెచ్చి క్యాస్ కింద చూపించడం కుదరదు. డబ్బు తీసుకుని చేసిన పనినీ, ఇంట్లో తమ్ముడికి చదువు చెప్పడాన్నీ సేవగా పరిగణించరు.

చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటున్నవారు, బ్యాడ్మింటన్ ఆడుతున్నవారు ‘ఇది క్యాస్‌కు పనికొస్తుందా?’ అని అడుగుతుంటారు. పనికొస్తుంది, కానీ ఇప్పటికే వచ్చినదాన్ని మళ్లీ చేస్తే సరిపోదు, ఇంకో మెట్టు ఎక్కాలి. ఇన్నాళ్లూ గురువుగారు నేర్పిన అంశాలే ప్రదర్శించినవారు ఈసారి ఒక చిన్న అంశానికి సొంతంగా నృత్యరచన చేయవచ్చు. వారానికి రెండు రోజులు పరుగెత్తే అలవాటున్నవారు ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 10 కిలోమీటర్ల పరుగును లక్ష్యంగా పెట్టుకుని, వారాలవారీ ప్రణాళిక వేసుకుని, వేగాన్ని నమోదు చేసుకోవచ్చు. ‘జిమ్‌కు వెళ్లాను’ అన్న వాక్యాన్ని నలభై సార్లు రాసినా అందులో చెప్పడానికి ఏమీ ఉండదు.

సేవ విషయంలో కాస్త ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇక్కడ మీ పొరపాటు ఇంకొకరి మీద పడుతుంది. సేవ నాలుగు రకాలుగా ఉండవచ్చు: మనుషులతోనో, జంతువులతోనో, పర్యావరణంతోనో నేరుగా చేసేది, ఎదురుగా లేని వారి కోసం పరోక్షంగా చేసేది, ఒక సమస్య గురించి నలుగురికీ తెలియజెప్పేది, సమాచారం సేకరించి, విశ్లేషించి, అవసరమున్నవారికి అందించేది. వీటిలో ఏదైనా సరే, అవతలివారికి నిజంగా ఏం కావాలో వారినే అడిగి మొదలుపెట్టాలి. వృద్ధాశ్రమానికి పండ్ల బుట్టలు తీసుకెళ్లి, ఫొటో దిగి, గంటలో తిరిగి రావడం అక్కడున్న పెద్దలకు ఏ విధంగానూ ఉపయోగపడకపోవచ్చు. వారికి కావలసింది ఫోన్‌లో పెన్షన్ సందేశాలు చదివిపెట్టే మనిషే కావచ్చు. ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఉండి, ఏడాది పాటు ప్రతి శనివారం వెళ్లగలిగే చోటు, విమానమెక్కి వెళ్లి నాలుగు రోజులు చేసే శిబిరంకంటే అన్ని విధాలా మేలు. ఖర్చు పెట్టి పంపే సేవా యాత్రల ప్రకటనలు తల్లిదండ్రులకు తరచూ వస్తుంటాయి. వాటిలో చేరడం తప్పనిసరి కాదు, చేరినంత మాత్రాన పోర్ట్‌ఫోలియోకు అదనపు విలువ రాదు.

మూడో అడుగు: జరిగిన రోజే సాక్ష్యం భద్రపరచండి

మంచి పని చేసి కూడా పోర్ట్‌ఫోలియో దగ్గర ఇబ్బంది పడేవారిలో ఎక్కువమందికి ఎదురయ్యే కష్టం సాక్ష్యాలు దొరకకపోవడం. ఫొటోలు ఎవరి ఫోన్‌లోనో ఉంటాయి, పర్యవేక్షించిన మాస్టారు బదిలీపై వెళ్లిపోతారు, ఏ వారంలో ఏం జరిగిందో గుర్తుండదు. అందుకని మొదటి వారంలోనే గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరవండి. పాఠశాల మేనేజ్‌బ్యాక్ వంటి ఆన్‌లైన్ వేదికను వాడుతున్నా సరే, మీ సొంత ప్రతి ఒకటి విడిగా ఉండాలి. ప్రతి అనుభవానికీ ఒక ఉప ఫోల్డర్, ప్రతి ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత పని పేరు ఉంటే, ఏడాది తర్వాత వెతుక్కోవలసిన అవసరం రాదు. స్నేహితులు తీసిన ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపించుకుంటే నాణ్యత తగ్గిపోతుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

సాక్ష్యమంటే ఫొటోలు, సర్టిఫికెట్లు మాత్రమే కావు. మీరు వేసిన పాఠ ప్రణాళిక, కొట్టివేతలతో నిండిన మొదటి చిత్తుప్రతి, ప్రధానోపాధ్యాయురాలికి రాసిన అనుమతి లేఖ, ఆమె పంపిన జవాబు, సామాగ్రి కొన్న బిల్లు, బృందంలో పనులు ఎలా పంచుకున్నారో చూపించే పట్టిక, పరుగు వేగం నమోదు చేసిన యాప్ స్క్రీన్‌షాట్, ఇవన్నీ సాక్ష్యాలే. నా అభిప్రాయంలో, చివర్లో ఇచ్చే మెమెంటో ఫొటోకంటే కొట్టివేతలున్న చిత్తుప్రతే ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే ఆలోచన ఎక్కడ మారిందో అందులో కంటికి కనబడుతుంది.

పిల్లలు, రోగులు, వృద్ధులు ఉన్న ఫొటోలను వారి అనుమతి లేకుండా పెట్టకండి. పిల్లల విషయంలో పాఠశాల అనుమతితో పాటు తల్లిదండ్రుల అనుమతి కూడా అడగడం మర్యాద. అనుమతి దొరకకపోతే ముఖాలు కనిపించకుండా చేతులు, పుస్తకాలు, నల్లబల్ల మాత్రమే వచ్చేలా తీయండి. మీరు ఆ అనుమతి గురించి ఎలా ఆలోచించారో రెండు వాక్యాలు రాస్తే, నైతికతకు సంబంధించిన ఏడో అభ్యసన ఫలితానికి అదే ఆధారమవుతుంది.

పనిని పర్యవేక్షించే పెద్దవారు ఒకరు ప్రతి అనుభవానికీ ఉండాలి. కోచ్, ప్రధానోపాధ్యాయురాలు, సంస్థ బాధ్యులు ఎవరైనా కావచ్చు. తల్లిదండ్రులను పర్యవేక్షకులుగా చాలా పాఠశాలలు అంగీకరించవు. పని ముగిసిన వారంలోపే వారి నుంచి నాలుగు వాక్యాల అభిప్రాయం తీసుకోండి. వారు తెలుగులో చేతిరాతతో రాసిచ్చినా ఇబ్బంది లేదు. దాన్ని స్కాన్ చేసి, కింద సారాంశాన్ని ఇంగ్లీషులో ఇవ్వవచ్చేమో మీ క్యాస్ అడ్వైజర్‌ను (క్యాస్‌లో మీకు దారి చూపే ఉపాధ్యాయుణ్ని) అడిగి తెలుసుకోండి.

నాలుగో అడుగు: రిఫ్లెక్షన్ రాయడం

పోర్ట్‌ఫోలియోకు ప్రాణం ఇదే. మిగతా అన్నింటికంటే దీని మీద ఎక్కువ సమయం పెట్టండి. రిఫ్లెక్షన్ అంటే చేసిన పని గురించి వెనక్కి తిరిగి ఆలోచించి రాసుకోవడం. అందులో నాలుగు అంశాలుంటాయి: ఏం జరిగిందో చెప్పడం, ఏమనిపించిందో చెప్పడం, దాన్నుంచి పుట్టిన ఆలోచనలు, మిగిలిన ప్రశ్నలు. మొదటి రెండూ అందరూ రాస్తారు. చివరి రెండే పోర్ట్‌ఫోలియోను నిలబెడతాయి.

ఒక విద్యార్థిని ప్రతి శనివారం దగ్గరలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్లి నాలుగో తరగతి పిల్లల చేత తెలుగు చదివిస్తోంది అనుకుందాం. ఆమె ఇలా రాయవచ్చు: ‘ఈ రోజు పాఠశాలకు వెళ్లి పిల్లల చేత చదివించాం. వాళ్లు చాలా సంతోషించారు. నాయకత్వం, సమయపాలన, బృందంగా పనిచేయడం నేర్చుకున్నాను.’ ఇందులో అబద్ధం ఏమీ లేకపోవచ్చు. కానీ ఇది ఎవరైనా, ఎక్కడైనా, ఏ పని గురించైనా రాయగలిగిన మాట. ఆ గదిలో ఆమె ఉన్నట్టు ఇందులో ఎక్కడా కనిపించదు.

అదే రోజు గురించి ఆమె ఇలా రాసిందనుకోండి: ‘ఒక పాప పాఠాన్ని గడగడా చదివేసింది. మెచ్చుకుని పేజీ తిప్పుతుంటే, పుస్తకం వైపు చూడకుండానే తర్వాతి వాక్యం కూడా చెప్పేసింది. అంటే తను చదవడం లేదు, వినీ వినీ కంఠస్థం చేసింది. అదే పాఠంలోని రాష్ట్రం అన్న మాటను పలక మీద విడిగా రాసి చూపిస్తే ‘రా’ దగ్గరే ఆగిపోయింది. మూడు వారాలుగా పిల్లలందరూ బాగా చదువుతున్నారని రాస్తూ వచ్చాను. వాళ్లలో నిజంగా చదువుతున్నది ఎందరో ఇప్పుడు నాకు తెలియదు. వచ్చే వారం పాఠ్యపుస్తకం పక్కన పెట్టి, బస్సు బోర్డుల మీద, బిస్కెట్ ప్యాకెట్ల మీద ఉండే మాటలు చదివించి చూస్తానని టీచర్ గారిని అడిగాను, సరే అన్నారు. ఒత్తులు రానివారికి ముందు ఒత్తులే నేర్పాలా, మాటలతోనే మొదలుపెట్టాలా?’

ఈ రెండో పేరాలో నాయకత్వం అన్న మాట లేదు, సమయపాలన అన్న మాట లేదు. అయినా తన అంచనా తప్పని గుర్తించడం, కొత్త పద్ధతి ఆలోచించడం, తరగతి ఉపాధ్యాయురాలిని సంప్రదించడం, తేలని ప్రశ్నతో వచ్చే వారానికి సిద్ధమవడం అన్నీ ఉన్నాయి. పరిశీలకుడు మొదటి, రెండో, అయిదో ఫలితాలను ఇక్కడ వేలుపెట్టి చూపించగలడు. అలాంటి రిఫ్లెక్షన్ రాయాలంటే ఆ రోజు సాయంత్రమే, వీలైతే ఇంటికి వచ్చే దారిలోనే, గుర్తున్న దృశ్యాన్నో మాటనో ఫోన్‌లో నోట్ చేసుకోవాలి. నెల తర్వాత కూర్చుని రాస్తే మొదటి రకం వాక్యాలే వస్తాయి.

ప్రతిసారీ రాయనక్కరలేదు. ఏదైనా మలుపు తిరిగినప్పుడు, ఏదైనా చెడిపోయినప్పుడు, మీ ఆలోచన మారినప్పుడు రాయండి. రూపం కూడా వ్యాసమే కావలసిన పని లేదు. మూడు నిమిషాల ఆడియో, బొమ్మలు, లేఖ, పద్యం, వీడియో ఏదైనా అంగీకారమే. మనసులోని మాట తెలుగులోనే సహజంగా వచ్చేవారు ముందు తెలుగులో రికార్డు చేసుకుని, దాని ఆధారంగా ఇంగ్లీషులో రాస్తే, అరువు తెచ్చుకున్న వాక్యాలు చాలావరకు తగ్గుతాయి. చాట్‌బాట్‌తో రాయించడం గురించి కూడా సూటిగానే చెబుతాను: మీరు చూసినది దానికి తెలియదు కాబట్టి, అది మొదటి రకం పేరానే కాస్త నున్నగా రాసిస్తుంది, అడ్వైజర్‌తో జరిగే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆ సంగతి బయటపడుతుంది.

అయిదో అడుగు: క్యాస్ ప్రాజెక్టు

అనుభవాలతో పాటు, కనీసం ఒక నెలపాటు సాగే, ఇతరులతో కలిసి చేసే ప్రాజెక్టు ఒకటి తప్పనిసరి. దీన్ని అయిదు దశల్లో నమోదు చేయండి: అన్వేషణ, సన్నాహం, ఆచరణ, రిఫ్లెక్షన్, ప్రదర్శన. మొదటి దశను దాటేయకండి. నల్గొండ జిల్లా నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు, అక్కడ దశాబ్దాలుగా ఉన్న ఫ్లోరైడ్ సమస్యను తీసుకుని, తాతగారి ఊరిలో ఇప్పుడు ఎవరు ఏ నీళ్లు తాగుతున్నారో ఇంటింటికీ తిరిగి అడిగి, బోరు నీటి నమూనాలను ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితాలను పంచాయతీకి తెలుగులో ఒక పేజీగా అందించవచ్చు. ఇది పరిశోధన రూపంలో ఉన్న సేవ. తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలోనూ, చైనాలోని కొన్ని ప్రాంతాల్లోనూ ఇదే సమస్య ఉందని తెలుసుకుని, అక్కడ ఏం చేస్తున్నారో పోల్చి చూస్తే ఆరో ఫలితానికి బలమైన ఆధారం దొరుకుతుంది. ప్రపంచ సమస్య కోసం విదేశాల వైపు చూడనక్కరలేదు, ఊరి బోరుబావి దగ్గర మొదలుపెట్టవచ్చు. ప్రాజెక్టు అనుకున్నట్టు సాగకపోతే భయపడకండి. ఎందుకు సాగలేదో ఆధారాలతో రాస్తే అది లోటుగా పరిగణించరు.

ఆరో అడుగు: పట్టిక వేసి ఖాళీలు వెతకండి

మొదటి ఏడాది ముగిసేలోగా ఒక పట్టిక గీయండి. నిలువుగా ఏడు ఫలితాలు, అడ్డంగా మీ అనుభవాలు. ఎక్కడ సాక్ష్యం ఉందో ఆ గడిలో ఫైలు పేరు రాయండి, టిక్కు పెట్టి వదిలేయకండి. సాధారణంగా పట్టుదల, బృందంతో పని అన్న వరుసలు నిండిపోయి, ప్రపంచ సమస్యలు, నైతికత అన్న వరుసలు ఖాళీగా మిగులుతాయి. వేసవి సెలవుల ముందే ఈ సంగతి తెలిస్తే సరిదిద్దుకోవడానికి సమయం ఉంటుంది.

అడ్వైజర్‌తో మూడు అధికారిక ఇంటర్వ్యూలు జరుగుతాయి: మొదట్లో ఒకటి, మొదటి ఏడాది చివర్లో ఒకటి, కార్యక్రమం ముగింపులో ఒకటి. రెండో ఇంటర్వ్యూకు ఈ పట్టికను చేతిలో పట్టుకుని వెళ్లండి. ఏం చేశారో వరుసగా చెప్పుకుపోకుండా, ‘ఈ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి, ఇలా నింపాలనుకుంటున్నాను, మీరేమంటారు?’ అని అడగండి. ఆ సంభాషణ నుంచి వచ్చే సలహా మిగతా నెలలను నడిపిస్తుంది.

ఏడో అడుగు: చివరి నెలలు

మే పరీక్షలు రాసే విద్యార్థులకు రెండో ఏడాది సెప్టెంబర్ నుంచి జనవరి వరకు గడ్డుకాలం. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ దరఖాస్తులకు అక్టోబర్ 15, చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాల ఎర్లీ (ముందస్తు) దరఖాస్తులకు నవంబర్ 1 గడువులు, మధ్యలో ఎక్స్‌టెండెడ్ ఎస్సే, ఇంటర్నల్ అసెస్‌మెంట్లు, ఆ పైన మాక్ పరీక్షలు అన్నీ ఒకేసారి మీదపడతాయి. ఆగస్టులో మొదలైన క్యాస్‌కు 18 నెలలు నిండేది సరిగ్గా ఆ తర్వాతే. కాబట్టి ప్రాజెక్టును ఆ సెప్టెంబర్‌కు ముందే పూర్తి చేసి, ఈ అయిదు నెలలకు వారంలో ఒక పూటతో సరిపోయే పనిని మాత్రమే మిగుల్చుకోండి. పూర్తిగా ఆపేస్తే కొనసాగింపు తెగిపోతుంది, మళ్లీ అందుకోవడం కష్టం. తల్లిదండ్రులకు ఇక్కడ ఒక విన్నపం: పరీక్షలు దగ్గరపడుతున్నాయని శనివారం పనిని మాన్పించకండి. మీ అమ్మాయి కోసం అక్కడ కొందరు పిల్లలు ఎదురుచూస్తుంటారు. మానుకోక తప్పకపోతే, ముందుగా వారికి చెప్పి, బాధ్యతను ఇంకొకరికి అప్పగించి రమ్మనండి.

ఫిబ్రవరిలో పోర్ట్‌ఫోలియోను మొదటి నుంచి చివరి వరకు ఒకేసారి కూర్చుని చదవండి. తేదీలు సరిపోతున్నాయా, ప్రతి అనుభవానికీ పర్యవేక్షకుల అభిప్రాయం ఉందా, లింకులన్నీ తెరుచుకుంటున్నాయా, అనుమతి లేని ఫొటోలు ఏవైనా ఉండిపోయాయా చూసుకోండి. ఒకే సంగతి మూడు చోట్ల చెప్పి ఉంటే రెండు తీసేయండి. ఐబీ కొన్ని పాఠశాలల నుంచి పోర్ట్‌ఫోలియోలను పరిశీలనకు అడగవచ్చు కాబట్టి, మీ అడ్వైజర్‌తో పరిచయం లేనివారు చదివినా అర్థమయ్యేలా ప్రతి అనుభవానికీ ముందు రెండు వాక్యాల పరిచయం ఉండాలి. చివరి ఇంటర్వ్యూకు వెళ్లే ముందు మొదటి నెలలో రాసుకున్న ప్రొఫైల్‌ను చదువుకుని, అందులో ఏ వాక్యాలు ఇప్పుడు మార్చి రాస్తారో గుర్తుపెట్టుకోండి. అక్కడ ఎక్కువగా అడిగేది దాని గురించే.

సమర్పణ అయ్యాక మొత్తాన్ని పీడీఎఫ్‌గా దించుకుని రెండు చోట్ల దాచండి, ఎందుకంటే చదువు ముగిశాక పాఠశాల ఇచ్చిన ఖాతాలు మూసివేస్తారు. మీరు పనిచేసిన చోట ఉపయోగపడే పాఠ ప్రణాళికలు, నీటి పరీక్ష ఫలితాలు, ఫోన్ నంబర్ల జాబితా వంటివి ఒక ప్రతి తీసి అక్కడివారికి ఇవ్వండి, మరో ప్రతిని మీ పాఠశాలలో వచ్చే ఏడాది ఆ పనిని అందుకోబోయే జూనియర్‌కు అప్పగించండి.